సెప్సిస్ రిపోర్టులో అంకె ఎటు నడుస్తోంది?

1843 జనవరిలో, జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో, 23 ఏళ్ల బాలింత ఒకామె తొలికాన్పు అయిన కొద్దిరోజులకే సూతికా జ్వరంతో కన్నుమూసింది. యోహాన్ యోసెఫ్ షేరర్ అనే వైద్యుడు ఆమె రక్తాన్ని పరీక్షించి చూస్తే అందులో ల్యాక్టిక్ ఆమ్లం కనిపించింది. షాక్‌లో, అంటే రక్తప్రసరణ చాలక అవయవాలు కుప్పకూలే స్థితిలో, పోయిన మనిషి రక్తంలో ల్యాక్టేట్‌ను (ల్యాక్టిక్ ఆమ్లం రక్తంలో ఉండే రూపం) గుర్తించడం అదే మొదలు. అప్పటికే ఆమె ప్రాణం పోయింది కాబట్టి ఆ పరీక్ష ఆమెకు ఏ విధంగానూ ఉపయోగపడలేదు.

ఇప్పుడు అదే ల్యాక్టేట్‌ను ఐసీయూ మూలనున్న బ్లడ్ గ్యాస్ మెషిన్ రెండు మూడు నిమిషాల్లో చెప్పేస్తుంది. దాంతోపాటు సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్, ఐఎల్-6, ఫెరిటిన్, డీ-డైమర్ అంటూ రిపోర్టులు వస్తూనే ఉంటాయి. కోవిడ్ రెండో వేవ్ నాటికి ఈ పేర్లు మన ఇళ్లలో అందరి నోళ్లలోనూ నానాయి. రిపోర్టు ఫోన్‌లో తెరిచి, ఎర్రగా అచ్చయిన అంకె చూసి, 'ఇంతుంటే బతుకుతారా?' అని అడిగిన కుటుంబాలు వేలల్లో ఉంటాయి. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఈ పరీక్షలు ఏం కొలుస్తాయో, ఏం కొలవలేవో తెలియాలి.

ముందు సెప్సిస్ అంటే ఏమిటో చూద్దాం. పుండు చీము పడితే 'సెప్టిక్ అయింది' అంటాం. డాక్టర్లు చెప్పే సెప్సిస్ అది కాదు. ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. ఊపిరితిత్తుల్లో కావచ్చు, మూత్రనాళంలో కావచ్చు, పేగుల్లో కావచ్చు. దాన్ని ఎదిరించడానికి శరీరం మొదలుపెట్టిన పోరాటం పట్టు తప్పి, శరీరం తన అవయవాలనే దెబ్బతీసుకోవడం సెప్సిస్. 2016లో అంతర్జాతీయ నిపుణులు ఖరారు చేసిన నిర్వచనం సారాంశం ఇదే. అవయవాల దెబ్బను సోఫా అనే స్కోరుతో లెక్కిస్తారు. ఊపిరితిత్తులు, ప్లేట్‌లెట్లు, లివర్, బీపీ, స్పృహ, కిడ్నీలు అనే ఆరింటికీ సున్నా నుంచి 4 దాకా పాయింట్లు వేస్తారు. మొత్తం 24. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి ఈ స్కోరు మునుపటి కంటే 2 లేదా అంతకుమించి పెరిగితే సెప్సిస్ అంటారు. ఆ దశలో ఆసుపత్రిలో చనిపోయే అవకాశం దాదాపు 10 శాతం. సరిపడా సెలైన్ ఎక్కించాక కూడా బీపీ నిలబెట్టడానికి మందు అవసరమై, ల్యాక్టేట్ 2 దాటి ఉంటే అది సెప్టిక్ షాక్. అప్పుడు ముప్పు 40 శాతం దాటుతుంది.

2017లో ప్రపంచవ్యాప్తంగా 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందనీ, 1.1 కోట్ల మంది చనిపోయారనీ 2020లో లాన్సెట్ ప్రచురించిన అంచనా. ఆ ఏడాది సంభవించిన ప్రతి ఐదు మరణాల్లో ఒకదానికి సెప్సిస్‌తో సంబంధం ఉందన్నమాట. ఇంత పెద్ద ముప్పును ముందుగా పసిగట్టే పరీక్ష కోసం శాస్త్రవేత్తలు వెతకడం సహజమే. ఎంతగా వెతికారంటే, 2010 నాటికి సెప్సిస్‌లో పరిశీలించిన మార్కర్లు, అంటే జబ్బు తీరును చెప్పే ఇలాంటి గుర్తులు, 178 అని తేలింది. పదేళ్ల తర్వాత మళ్లీ లెక్కపెడితే అవి 258కి పెరిగాయి. అయినా మంచం దగ్గర డాక్టరు రోజూ చూసేవి పట్టుమని పది కూడా ఉండవు.

మిగతావన్నీ ఏమైనట్టు? చాలావాటిని చిన్న అధ్యయనాల్లో పరిశీలించారు. అక్కడ బాగానే కనిపించినవి వేరే ఆసుపత్రిలో, వేరే రోగుల్లో తేలిపోయాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. 'ఇది ఇన్ఫెక్షనేనా?', 'ఈ మనిషికి ముప్పు ఎంత?', 'ఇస్తున్న మందు పనిచేస్తోందా?' అనేవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి బాగా జవాబిచ్చే పరీక్ష మరోదానికి పనికిరాకపోవచ్చు. ఈ మూడింటినీ కలిపేయడం వల్లే ఐసీయూ బయట ఇంత గందరగోళం.

ముప్పు ఎంత అనే ప్రశ్నకు ఇప్పటికీ అందరికంటే ముందు నిలబడేది ల్యాక్టేటే. షాక్‌లో ఉన్న రోగుల్లో ల్యాక్టేట్ ఎంత పెరిగితే బతికే అవకాశం అంత తగ్గుతుందని 1964లోనే బ్రోడర్, వైల్ అనే పరిశోధకులు చూపించారు. సాధారణంగా లీటరుకు 2 మిల్లీమోల్స్ లోపు ఉండాలి. 4 దాటితే బీపీ బాగానే కనిపిస్తున్నా ప్రమాదంలో ఉన్నట్టే లెక్క. బీపీ మిషన్ 110 అని చూపిస్తుంటే అంతా కుదురుగా ఉందనుకునే సమయంలో ల్యాక్టేట్ 5 వచ్చిందంటే, లోపల ఏదో జరుగుతోందని అది ముందే చెబుతున్నట్టు.

ఆ లోపల జరిగేది ఏమిటన్న దానిపై చాలాకాలం ఒకే వివరణ వినిపించింది. కణాలకు ఆక్సిజన్ అందక చక్కెరను సగంలోనే ఆపేసి ల్యాక్టేట్‌గా వదిలేస్తున్నాయి అని. అది కొంతవరకు నిజం. కానీ సెప్సిస్‌లో శరీరం అడ్రినలిన్‌ను కుమ్మరిస్తుంది. దాని ధాటికి ఆక్సిజన్ ఉన్నా కండరాలు చక్కెరను వేగంగా విరగ్గొట్టి ల్యాక్టేట్‌ను తయారుచేస్తాయి. అదే సమయంలో దాన్ని ఖాళీ చేయాల్సిన లివర్ నీరసిస్తుంది. ఈ తేడా పుస్తకాలకే పరిమితమైన సంగతి కాదు. ల్యాక్టేట్ పెరిగిందంటే రక్తప్రసరణ చాలట్లేదని మాత్రమే అనుకుంటే, బాటిల్ మీద బాటిల్ సెలైన్ ఎక్కిస్తూ పోతారు. అవసరానికి మించిన నీరు ఊపిరితిత్తుల్లో చేరి అదో కొత్త కష్టం అవుతుంది.

సెప్సిస్ లేకుండా కూడా ల్యాక్టేట్ పెరుగుతుంది. ఫిట్స్ వచ్చిన వెంటనే తీసిన రక్తంలో ఎక్కువే ఉంటుంది, గంటా రెండు గంటల్లో దానంతటదే దిగుతుంది. ఆయాసానికి సాల్బుటమాల్ నెబ్యులైజర్ పదేపదే పెట్టినా పెరుగుతుంది. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవారికి కిడ్నీలు చెడితే పెరుగుతుంది. లివర్ పాడైనవారిలో దిగడం ఆలస్యమవుతుంది. బి1 విటమిన్ లోపించినా పెరుగుతుంది. అందుకే ఏ మందులు వాడుతున్నారో ఆసుపత్రిలో అడిగినప్పుడు ఇంటి నుంచి ఆ మాత్రల కవరు పట్టుకెళ్లి చూపించడం చిన్న సాయమేమీ కాదు.

శాంపిల్ తీసే తీరు కూడా అంకెను మార్చేస్తుంది. మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే ధమని నుంచి, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ అనే మందు కలిపిన సిరంజిలోకి రక్తం తీసుకుని, గాలిబుడగలు వదిలించి, వెంటనే మెషిన్‌లో పెట్టాలి. ఆ సిరంజి ట్రేలో అరగంట పడి ఉంటే లోపలి ఎర్రకణాలు చక్కెరను వాడుకుంటూనే ఉంటాయి, ల్యాక్టేట్‌ను వదులుతూనే ఉంటాయి. రోగి ఒంట్లో లేని ల్యాక్టేట్ సిరంజిలో పుడుతుంది. మెషిన్ లేని చోట ల్యాబ్‌కి పంపాలంటే ఫ్లోరైడ్ ఉన్న ట్యూబులో, ఐస్ మీద పంపాలి. ముందు రోజు 2.4 ఉండి ఈరోజు 3.6 వచ్చిందంటే రోగి దిగజారాడా, శాంపిల్ ఆలస్యమైందా అనేది మొదట అడగాల్సిన ప్రశ్న.

కొలమానాల తికమక మరొకటి. కొన్ని ల్యాబులు ల్యాక్టేట్‌ను మిల్లీమోల్స్‌లో ఇస్తే, కొన్ని డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి. 2 మిల్లీమోల్స్ అంటే 18 మిల్లీగ్రాములు. సీఆర్‌పీ కూడా అంతే. లీటరుకు 120 మిల్లీగ్రాములన్నా, డెసిలీటరుకు 12 మిల్లీగ్రాములన్నా ఒకటే. ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి మారినప్పుడు '120 ఉన్నది 12కి దిగింది' అని ఊపిరి పీల్చుకున్న ఇంటివాళ్లకు అది అసలు దిగనే లేదని ఎవరైనా నెమ్మదిగా చెప్పాల్సి వస్తుంది. ఆ క్షణం చాలా కష్టంగా ఉంటుంది. అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉండే కొలమానం చూడటం ఒక్కటే దీనికి మందు.

ఒక్కసారి చూసిన ల్యాక్టేట్ కంటే రెండోసారి చూసిన ల్యాక్టేట్ ఎక్కువ మాట్లాడుతుంది. మొదటి ఆరు గంటల్లో ల్యాక్టేట్ కనీసం 10 శాతం తగ్గినవారు బతికే అవకాశం ఎక్కువని 2004లో అమెరికాలో జరిగిన అధ్యయనం చూపించింది. తర్వాతి మార్గదర్శకాలు కూడా మొదటిది 2 దాటితే మళ్లీ చూడమనే చెబుతున్నాయి. 6తో వచ్చి నాలుగు గంటల్లో 3.5కి దిగిన మనిషి గురించి కాస్త ధైర్యంగా మాట్లాడొచ్చు. 3తో వచ్చి అక్కడే నిలిచిపోయిన మనిషి దగ్గర డాక్టరు కుర్చీ వేసుకుని కూర్చోవాల్సి వస్తుంది. లోపల ఎక్కడో చీముగడ్డ ఉందా, యాంటీబయాటిక్ సరైనదేనా, పేగుకి రక్తం అందుతోందా అని మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

ప్రోకాల్సిటోనిన్ కథ ఇంకోలా ఉంటుంది. మామూలు రోజుల్లో ఇది థైరాయిడ్ గ్రంథిలోని కొన్ని కణాల్లో మాత్రమే తయారై కాల్సిటోనిన్ అనే హార్మోన్‌గా మారిపోతుంది. రక్తంలో దాదాపు కనపడదు. బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ముదిరితే లివర్, ఊపిరితిత్తులు, కొవ్వు కణజాలం అన్నీ దీన్ని తయారుచేయడం మొదలుపెడతాయి. ఇన్ఫెక్షన్‌లో ఇది పెరుగుతుందని 1993లో ఫ్రెంచ్ పరిశోధకులు చెప్పారు. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, రోజు తిరిగేసరికి శిఖరం చేరుతుంది. ఇన్ఫెక్షన్ అదుపులోకి వస్తే రోజుకు దాదాపు సగం చొప్పున దిగుతుంది. వైరస్ జ్వరాల్లో అంతగా పెరగదు. అందుకే దీనిపై అంత ఆశ.

ఆ ఆశలో సగమే నెరవేరింది. పెద్ద ఆపరేషన్, ఒళ్లు కాలడం, యాక్సిడెంట్ దెబ్బలు, కిడ్నీ ఫెయిల్యూర్, పుట్టిన మొదటి రెండు రోజులు, ఇవన్నీ ఇన్ఫెక్షన్ లేకుండానే ప్రోకాల్సిటోనిన్‌ను పెంచుతాయి. మన ప్రాంతంలో మరో మెలిక ఉంది: మలేరియా బ్యాక్టీరియా జబ్బు కాకపోయినా, ఫాల్సిపేరం మలేరియా ముదిరితే ఇది బాగా పెరుగుతుంది. ఏజెన్సీ ప్రాంతం నుంచి చలిజ్వరంతో వచ్చిన మనిషికి ప్రోకాల్సిటోనిన్ 20 ఉందని యాంటీబయాటిక్‌తో సరిపెట్టుకుని మలేరియా స్మియర్ చూడకపోతే పెద్ద తప్పు జరిగిపోతుంది. ఇది తక్కువగా ఉందని యాంటీబయాటిక్ మొదలుపెట్టకుండా ఆగడం కూడా ప్రమాదమే. అందుకే 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు, మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది తేల్చడానికి దీన్ని వాడొద్దన్నాయి.

ఎప్పుడు ఆపాలో చెప్పడంలో మాత్రం దీనికి సాటి తక్కువ. నెదర్లాండ్స్‌లో 15 ఆసుపత్రుల్లో జరిగిన ట్రయల్‌లో, ప్రోకాల్సిటోనిన్ శిఖరం నుంచి 80 శాతం దిగినా, 0.5కి చేరినా యాంటీబయాటిక్ ఆపొచ్చని డాక్టర్లకు సూచించారు. మందులు వాడిన రోజులు 7 నుంచి 5కి తగ్గాయి. 28 రోజుల్లో మరణాలు పెరగకపోగా 25 శాతం నుంచి 20 శాతానికి తగ్గాయి. 2024లో బ్రిటన్‌లో 2,760 మందితో ముగిసిన ట్రయల్‌లో కూడా దీన్ని రోజూ చూసినవారికి యాంటీబయాటిక్ దాదాపు ఒక రోజు తగ్గింది, భద్రతకు లోటు రాలేదు. అదే పనికి సీఆర్‌పీని వాడితే రోజులు తగ్గలేదు. మందులకు లొంగని బ్యాక్టీరియాతో మన ఐసీయూలు సతమతమవుతున్న రోజుల్లో ఒక్క రోజు తగ్గడం కూడా విలువైనదే.

ముప్పును అంచనా వేయడానికి కూడా చూడాల్సింది దీని నడకనే. అమెరికాలోని 13 కేంద్రాల్లో జరిగిన అధ్యయనంలో నాలుగో రోజుకు 80 శాతం పైగా దిగినవారిలో మరణాలు 10 శాతం, దిగనివారిలో 20 శాతం. ఉదాహరణకు ఇద్దరు రోగులను అనుకుందాం. ఒకరికి మొదటి రోజు 40, తర్వాత 22, 11, నాలుగో రోజు 6. ఇంకొకరికి 3, 3.2, 3.8, 4. నాలుగో రోజు రిపోర్టులు పక్కపక్కన పెడితే 6 ఉన్నవారి పరిస్థితే ఘోరంగా కనిపిస్తుంది. నిజానికి ఆ మనిషి కోలుకునే దారిలో ఉన్నాడు, 85 శాతం దిగింది. 4 ఉన్న మనిషికే మళ్లీ స్కాన్ అవసరం కావచ్చు.

అలాగని పెరిగిన ప్రతిసారీ మందు పెంచుకుంటూ పోవడమూ సరికాదు. డెన్మార్క్‌లో 1,200 మంది ఐసీయూ రోగులతో సరిగ్గా అదే ప్రయత్నించారు. ప్రోకాల్సిటోనిన్ దిగకపోతే ఇంకా బలమైన యాంటీబయాటిక్‌లు, ఇంకా పరీక్షలు. మరణాలు తగ్గలేదు. పైగా వెంటిలేటర్ మీద, ఐసీయూలో గడిపిన రోజులు పెరిగాయి, కిడ్నీలు దెబ్బతిన్నాయి. 2011లో వెలువడిన ఈ ఫలితాన్ని మార్కర్ల గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాలి. మార్కర్ ముప్పును సరిగ్గానే చెప్పినా, దాని మాట విని ఏం చేస్తామన్నది వేరే ప్రశ్న.

సీఆర్‌పీ వీటన్నిటికంటే పాతది, చౌకది. న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని 1930లో కనుగొన్నారు. లివర్‌లో తయారవుతుంది, పెరగడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది, శిఖరం చేరడానికి రెండు రోజులు. వాపు ఎక్కడున్నా పెరుగుతుంది కాబట్టి మొదటి రోజు అంకె చూసి జాతకం చెప్పలేం. మూడు నాలుగు రోజులు మందు వాడాక కూడా దిగకపోతే మాత్రం అది పట్టించుకోవాల్సిన సంగతి.

ఖరీదైన పరీక్షల హడావుడిలో రోజూ తీసే సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టు పక్కకుపోతుంది. ఇది బాధ కలిగించే విషయం. ప్లేట్‌లెట్లు సోఫా స్కోరులోనే ఉన్నాయి. లక్షన్నర కంటే తగ్గితే 1, లక్ష దిగువన 2, యాభై వేల దిగువన 3, ఇరవై వేల దిగువన 4 పాయింట్లు. డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్ల లెక్క తెలియని తెలుగు ఇల్లు లేదు. కానీ డెంగీ భయం వల్ల అంకె పడిపోగానే 'ఎక్కించండి' అనడం అలవాటైంది. సెప్సిస్‌లో ప్లేట్‌లెట్లు తగ్గాయంటే సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కడుతూ అవి ఖర్చయిపోతున్నాయని అర్థం చేసుకోవాలి. ఎక్కించినంత మాత్రాన లోపలి జబ్బు తగ్గదు. రక్తస్రావం లేకపోతే సాధారణంగా పది వేల దిగువకు వచ్చేదాకా ఆగుతారు. ఇన్ఫెక్షన్ అదుపులోకి వస్తే అవి వాటంతటవే పెరుగుతాయి, ఆ పెరగడం మంచి కబురు.

అదే రిపోర్టులో లింఫోసైట్లు అనే ఒక రకం తెల్లకణాల లెక్క ఉంటుంది. సెప్సిస్‌లో ఇవి మొదట తగ్గడం మామూలే. నాలుగో రోజుకు కూడా కోలుకోకపోతే మరణాలు ఎక్కువని అధ్యయనాలు చూపించాయి. మొదటి పోరాటంలో అలసిపోయిన రోగనిరోధక శక్తి చతికిలపడిందని, కొత్త ఇన్ఫెక్షన్లు దాడి చేసే ప్రమాదం ఉందని దాని భావం. కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ సంగతి మరోలా ఉంటుంది. కిడ్నీ దెబ్బతిన్నాక కూడా అది పెరగడానికి చాలా గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా పడుతుంది. యూరిన్ బ్యాగులో గంటకు ఎంత వస్తుందో రాసుకునే నర్సుకే ఆ సంగతి ముందుగా తెలుస్తుంది.

ఇక అసలు ప్రశ్న. ఒక మంచి మార్కర్ ఉందనుకుందాం. చనిపోయేవారిలో 75 శాతం మందిని పట్టుకుంటుంది, బతికేవారిలో 75 శాతం మందిని సరిగ్గా వదిలేస్తుంది. నిజంగా వాడుకలో ఉన్న చాలా మార్కర్లు ఇంతకంటే గొప్పవేమీ కాదు. వంద మంది సెప్సిస్ రోగుల్లో 20 మంది చనిపోతారనుకుంటే, ఈ పరీక్ష అందులో 15 మందికి 'ప్రమాదం' అంటుంది. బతికే 80 మందిలో కూడా 20 మందికి అదే మాట అంటుంది. అంటే 'ప్రమాదం' అనిపించుకున్న 35 మందిలో 20 మంది ఇంటికి నడిచి వెళ్తారు. 'ఫరవాలేదు' అనిపించుకున్న 65 మందిలో ఐదుగురు పోతారు. ఎవరిని ఐసీయూలో ఉంచాలి, ఎవరిని గంటగంటకూ చూడాలి అని నిర్ణయించడానికి ఈ తేడా బాగా పనికొస్తుంది. ఒక మనిషి పేరు చెప్పి ఈయన బతకడు అనడానికి మాత్రం ఏమాత్రం చాలదు.

మన దగ్గర ఈ తేడా డబ్బుతో ముడిపడి ఉంది. రోజుకు వేలల్లో, కొన్నిచోట్ల లక్షకు చేరువలో ఐసీయూ బిల్లు కడుతూ, బంగారం తాకట్టు పెట్టి, పొలం బేరం పెట్టిన కుటుంబానికి ఒక అంకె చూపించి 'ఛాన్స్ తక్కువ' అంటే, వాళ్లు సంతకం పెట్టి మనిషిని ఇంటికి తీసుకెళ్లిపోతారు. వైద్యం ఆగిన మనిషి చనిపోతాడు. అప్పుడు ఆ అంకె నిజమైనట్టే కనిపిస్తుంది. ఆ 35 మందిలో ఇంటికి నడిచి వెళ్లాల్సిన 20 మందిలో ఈయన కూడా ఉండేవాడా అన్నది ఇక ఎప్పటికీ తెలియదు. కాబట్టి డాక్టరు ఒక్క అంకెకు బదులు నాలుగు రోజుల అంకెలు వరసగా కాగితం మీద రాసి, బీపీ మందు డోసు, ఆక్సిజన్, యూరిన్ పక్కన పెట్టి చూపించి మాట్లాడటం కనీస ధర్మం. కుటుంబం కూడా 'ఎంతుంది?' తోపాటు 'నిన్నటికి ఇవాళ్టికి తేడా ఎంత?' అని అడగొచ్చు.

కొత్త మార్కర్లలో ఆసక్తికరమైనవి ముప్పును చెప్పి ఊరుకోకుండా ఏ మందు ఎవరికి పనికొస్తుందో చెప్పడానికి ప్రయత్నిస్తున్నాయి. ఫెరిటిన్ 4,420 దాటిన కొద్దిమందిలో రోగనిరోధక శక్తి అదుపు లేకుండా చెలరేగుతుంది. కొందరిలో దానికి పూర్తిగా వ్యతిరేకంగా మోనోసైట్లు అనే తెల్లకణాల మీద హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ అనే గుర్తు తగ్గిపోతుంది, అంటే రక్షణ పడుకుందన్నమాట. మొదటివారికి చల్లార్చే మందు, రెండోవారికి లేపే మందు ఇచ్చి చూసిన ఇమ్యునోసెప్ ట్రయల్‌లో అవయవాలు కోలుకున్నవారి సంఖ్య పెరిగింది, మరణాలు మాత్రం తగ్గలేదు. దారి సరైనదే అనిపిస్తుంది, గమ్యం ఇంకా దూరం. పిల్లల్లో ముప్పును బాగా చెప్పిన ఐఎల్-8 అనే మార్కర్ పెద్దవాళ్ల దగ్గరికి వచ్చేసరికి చతికిలపడింది. ఒక వయసులో నిజమైనది మరో వయసులో మళ్లీ నిరూపించుకోవాల్సిందే.

ల్యాక్టేట్‌కు పోటీగా నిలిచిన ఒక పరీక్షకు రక్తమే అక్కర్లేదు. దక్షిణ అమెరికాలోని ఐదు దేశాల్లో 424 మంది సెప్టిక్ షాక్ రోగులతో జరిపి 2019లో వెల్లడించిన ఆండ్రోమెడా-షాక్ ట్రయల్‌లో, సగం మందికి ల్యాక్టేట్ చూస్తూ, సగం మందికి వేలికొనను నొక్కి వదిలాక రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూస్తూ వైద్యం చేశారు. వేలికొన చూసిన వర్గంలో మరణాలు 34.9 శాతం, ల్యాక్టేట్ వర్గంలో 43.4 శాతం. గణాంకాల లెక్కన ఆ తేడా ఖాయమని చెప్పడానికి కొద్దిలో తప్పింది. 2025లో ఇంకా పెద్దఎత్తున జరిగిన రెండో ట్రయల్‌లో మరణాల్లో తేడా రాలేదు కానీ, వేలికొన ఆధారంగా వైద్యం పొందినవారికి బీపీ మందులు, వెంటిలేటర్ లాంటి ఆసరా తక్కువ రోజులు సరిపోయింది.

ఆ పరీక్షకు కావాల్సింది ఒక గాజు స్లైడు, సెకన్ల ముల్లు ఉన్న గడియారం. రోగి చూపుడువేలి కొన మీద స్లైడు పెట్టి, చర్మం తెల్లబడేదాకా నొక్కి, పది సెకన్లు అలాగే ఉంచి వదిలేయాలి. మామూలు రంగు మూడు సెకన్లలోపు తిరిగి రావాలి. బ్లడ్ గ్యాస్ మెషిన్ లేని పీహెచ్‌సీలో, అంబులెన్స్ వచ్చేలోపు, అరగంటకోసారి ఇలా చూసి ఆ సెకన్లను రిఫరల్ చీటీ మీద టైముతో సహా రాసి పంపితే, పెద్దాసుపత్రిలో ఆ మనిషిని అందుకునే డాక్టరుకు మొదటి అంకెతోపాటు దాని నడక కూడా చేతికి అందుతుంది.